మామగారి ముద్రల నోటుపుస్తకం

మొన్న శనివారం మధ్యాహ్నం మా మందిరానికి కొత్తగా తెప్పించిన మైకుల పెట్టెను ఆటోలో తెచ్చి మా వరండాలో దించి వెళ్ళారు. మందిరం మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది, పెట్టె తిన్నగా అక్కడికే పోవచ్చు, కానీ సూళ్లూరుపేటలో మా సంఘానికి ఒక అలవాటు ఉంది. కరెంటుతో పనిచేసే వస్తువు ఏదైనా సరే, ఎవరు కానుకగా ఇచ్చినా, ఎంత దూరం నుంచి వచ్చినా, ముందు మా ఇంటికి వచ్చి, బోర్లా పడుకుని తన వీపు చూపించుకుని, ఆ తర్వాతే మందిరం గడప తొక్కాలి. ఆ అలవాటు పెట్టినవారు మా మామగారు. ఆయన ప్రభువు పిలుపు అందుకుని వెళ్ళిపోయాక ఆ పని నా చేతికి వచ్చింది. కళ్ళజోడు చాలక భూతద్దం కూడా పట్టుకుని, ఆ మైకుల చార్జరును వెనక్కి తిప్పి వెలుతురుకు పెట్టి చూస్తే, గోరంత జాగాలో ఎన్నో దేశాల ముద్రలు చీమల బారులాగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటే పైకి చదువుతూ పోతుంటే, ఎన్నో ఏళ్ళ కిందటి ఒక తెల్లవారుజాము, మందిరం ముందున్న బాప్తిస్మపు తొట్టి, నడుములోతు నీళ్ళలో తెల్లబట్టలతో నిలబడిన మా అన్న, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మన చిన్నప్పుడు ఇంటికి ఇస్త్రీపెట్టె వచ్చిందంటే పండగే గానీ, దాన్ని తిప్పి వెనక ఏముందో చూసినవాళ్ళు ఎందరు? రంగు బాగుందా, త్వరగా వేడెక్కుతోందా, పక్కింటి వాళ్ళు చూశారా, అంతవరకే. నేను కూడా అలాంటి ఇంట్లోంచే వచ్చాను. నాయుడుపేట దగ్గర పల్లెలో పుట్టి, ఇంటర్మీడియెట్ వరకు చదువుకుని, పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చేదాకా, వస్తువులకు కూడా సాక్ష్యం ఉంటుందని, ఆ సాక్ష్యాన్ని చదివే మనిషి ఒకరు ఉంటారని నాకు తెలియదు.

మా మామగారికి స్టేషను రోడ్డులో చిన్న కరెంటు సామాన్ల దుకాణం ఉండేది. అమ్మకం తక్కువ, మరమ్మతు ఎక్కువ. ఫాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, రేడియోలు గోడవారగా వరుసగా కూర్చుని, ఆస్పత్రిలో తమ వంతు కోసం కాచుకున్న రోగుల్లా కనిపించేవి. పులికాట్ సరస్సు పల్లెల నుంచి చేపలు పట్టేవాళ్ళు ఉప్పుగాలికి తుప్పెక్కిన టార్చిలైట్లు, రేడియోలు తెచ్చేవారు. రాకెట్ల కేంద్రంలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, దేశంలోని అన్ని మూలల నుంచి వచ్చినవాళ్ళు, విదేశాలు తిరిగొచ్చినప్పుడు తెచ్చుకున్న వింత వింత వస్తువులను తెచ్చి బల్లమీద పెట్టేవారు. ఒకదాని ప్లగ్గుకు చపటా కాళ్ళు మూడు, ఇంకోదానికి సన్నటి రేకుల్లాంటి కాళ్ళు రెండు, మన గోడ రంధ్రాల్లో ఏదీ పట్టేది కాదు. ఆ వస్తువులే మామగారి చదువు. ఆయన బడిలో ఐదు తరగతులకు మించి చదవలేదు. బైబిలు వాక్యం చదవడానికి తెలుగు, గుర్తుపట్టడానికి ఇంగ్లీషు అక్షరాలు, అంతే ఆయన ఆస్తి. ఆ అక్షరాలను కూడా మాటలుగా కాకుండా బొమ్మలుగా చూసేవారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, ఆ కేంద్రంలో పనిచేసే ఒక పెద్దాయన ఏ దేశం వస్తువు మీద ఏ ముద్ర ఉంటుందో బొమ్మలతో సహా ఉన్న చిన్న పుస్తకం ఒకటి మామగారికి నెలరోజుల పాటు చూసుకోమని ఇచ్చారు. మామగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇంటికి తెచ్చి, కాళ్ళు కడుక్కుని వచ్చి మరీ తెరిచారు. నాకు బడిలో బొమ్మలు గీయడంలో మంచి పేరు ఉండేదని మా అత్తమ్మ ఎప్పుడో విని ఉన్నది, ఆమె ఆ మాట అందించింది. ఇంకేముంది, వంటపని అత్తమ్మకు, ముద్రల పని నాకు. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాసి ఆరబెట్టి, అవతలి బొమ్మ ఇవతలికి కనబడేలా చేసుకుని, కంపాసుతోనూ పెన్సిలుతోనూ నెల తిరిగేలోపల ఒక నోటుపుస్తకం నింపాను. అట్ట మీద ఏం రాయమంటారు మామయ్యా అంటే, కాసేపు ఆలోచించి, "సాక్షులు అని రాయమ్మా" అన్నారు. ఆ నూనె వాసన ఇప్పటికీ ఆ పుస్తకాన్ని వదలలేదు.

ఆ పుస్తకంలో ముందు పేజీ మన దేశానిది. ఐఎస్ఐ ముద్ర మీద మూడు అక్షరాలు ఉంటే చాలదని నాకు నేర్పింది మామగారే. ముద్ర నెత్తిన ఆ వస్తువు ఏ ప్రమాణం ప్రకారం చేశారో దాని నంబరు ఉండాలి, ముద్ర పాదాల దగ్గర ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతి నంబరు ఉండాలి. పైనా కిందా ఏమీ లేకుండా నడుమ అక్షరాలు మాత్రమే మెరుస్తుంటే, అది పైకి తెల్లగా, లోపల ఎముకలతో సున్నం కొట్టిన సమాధి లాంటిదని ఆయన అనేవారు. తర్వాతి పేజీల్లో లోకం అంతా ఉండేది. అమెరికా వాళ్ళది ఒక వలయం, అందులో యూ కాస్త పైన, ఎల్ కాస్త కింద, మెట్టు దిగుతున్నట్టు. కెనడా వాళ్ళది పెద్ద సీ అక్షరం, దాని కడుపులో ఇంకో రెండు అక్షరాలు. జర్మనీ వాళ్ళది త్రికోణం. ఇంగ్లండు వాళ్ళది గాలిపటం ఆకారం, దాన్ని గీయడానికి నేను మూడు కాగితాలు పాడుచేశాను. మంచుదేశాల వాళ్ళు ఎంత పొదుపో ఏమో, వలయంలో ఒక్కొక్క అక్షరంతో సరిపెట్టుకున్నారు, ఎస్ ఉంటే స్వీడన్, ఎన్ ఉంటే నార్వే. ఇది చూసి మా అత్తమ్మ, ఇంటి పేర్లు చెప్పుకోకుండా బతకగలిగిన మనుషులు ఎక్కడో ఉన్నారన్నమాట అని ఆశ్చర్యపోయింది.

ఐరోపా వాళ్ళ సీఈ గుర్తు దగ్గర మాత్రం మామగారు నన్ను ఒక వారం నిలబెట్టారు. ఆ రెండు అక్షరాలూ వలయాల్లోంచి కోసి తీసినట్టు ఉంటాయి. సీని కంపాసుతో పూర్తిగా చుట్టి వలయం చేస్తే, ఆ వలయం అంచు వెళ్ళి పక్కనున్న ‘ఈ’ వీపుకు తగలాలి, అంటే రెంటికీ మధ్య అంత ఎడం ఉండాలి. ‘ఈ’లో నడిమి గీత పై గీత కన్నా, కింది గీత కన్నా కాస్త పొట్టిగా ఉండాలి. ఎవరో తొందరలో కొట్టిన దొంగ గుర్తులో అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉంటాయి, మూడు గీతలూ ఒకే పొడవు ఉంటాయి. ఇంకో మాట కూడా చెప్పారాయన. చాలా వస్తువుల మీద ఈ గుర్తు తయారుచేసినవాడు తన వస్తువు గురించి తానే చెప్పుకున్న సాక్ష్యం, వలయాలూ త్రికోణాలూ ఇంకొకరు పరీక్షించి చెప్పిన సాక్ష్యం. తన గురించి తానే చెప్పుకునేవాడి మాటను కొట్టిపారేయనక్కర్లేదు గానీ, ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడితేనే ఏ మాటకైనా బలమని మనం వాక్యంలో చదవలేదా అనేవారు. మరమ్మతు దుకాణంలో కూర్చుని ఒక ప్లగ్గు పిన్ను చేతిలో పట్టుకుని మనిషి అంత లోతుగా మాట్లాడగలడని నేను అనుకోలేదు. ఆదివారం ప్రసంగాలు ఎన్నో విన్నాను, వాటిలో కొన్ని మరిచిపోయాను కూడా, ఆ ప్లగ్గు పిన్ను ప్రసంగం మరిచిపోలేదు.

మందిరానికి వచ్చే ప్రతి కానుకనూ ఆయన అలాగే తిప్పి చూసేవారు. ముందు చేతులు తుడుచుకోవడం, తిప్పడం, చదవడం, తర్వాత ప్లగ్గు పెట్టి, కరెంటు తగిలితే ఎర్రగా వెలిగే టెస్టరుతో ముట్టి చూడడం, అన్నీ అయ్యాకే వాడకం. ఒకసారి ఊళ్ళో పేరున్న వ్యాపారి ఒకాయన క్రిస్మసుకు రంగురంగుల దీపాల తోరణాలు తెచ్చి ఇస్తే, వాటి మీద ఏ సాక్ష్యమూ లేదని మామగారు వాటిని పక్కన పెట్టేశారు. ఆ పెద్దమనిషికి కోపం వచ్చి మూడు నెలలు ఆరాధనకు రాలేదు. సంఘంలో కొందరు సణిగారు. దేవుడికి ఇచ్చినదానికి వంకలు పెడతారా అని. దేవుడికి ఇచ్చినది కాబట్టే చూస్తున్నానని మామగారు ఒక్కమాట అని ఊరుకున్నారు.

ఇక మా అన్న సంగతి చెప్పాలి. మా నాన్న నా ఎనిమిదో ఏట పోయినప్పటి నుంచి నాకు నాన్న అంటే అన్నే. కువైట్లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేరి, మూడేళ్ళకోసారి వచ్చి పోయేవాడు. విశ్వాసుల ఇంట్లోనే పుట్టినా పడుచుతనంలో మందిరం ఛాయలకు రాలేదు. అక్కడ ఎడారి రోడ్డు మీద ఒకసారి బండి బోల్తాపడి, చిన్న గీతైనా పడకుండా బయటికి వచ్చాడట. ఆ పూటే ఇసుకలో మోకాళ్ళూని ప్రార్థించానని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదివి నేను వంటింట్లో కూర్చుని ఎంత ఏడ్చానో ప్రభువుకే తెలుసు. సెలవు మీద వచ్చి, మా సంఘంలోనే బాప్తిస్మం తీసుకుంటానని, కృతజ్ఞతార్పణగా మందిరానికి మైకు సెట్టు తెస్తున్నానని కూడా అందులో రాశాడు. అప్పటికి మా మందిరానికి మైకు లేదు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, గొంతు చించుకుని ప్రసంగించి సోమవారమంతా మాట రాక సైగలు చేసేవారు.

అన్న వచ్చేసరికి మామగారి కుడికంటికి నెల్లూరులో శుక్లం ఆపరేషను అయి వారం రోజులు. కంటికి ఆకుపచ్చ రేకు కట్టుకుని, వంగకూడదు, సన్నటి అక్షరాలు చూడకూడదు అన్న కట్టడితో వరండాలో కుర్చీకి అంటుకుపోయి ఉన్నారు. రెండో కంటికి కూడా పొర కమ్మి ఉండేది. శనివారం మధ్యాహ్నం అన్న ఆ సెట్టును మా నడవలో విప్పాడు. నిగనిగలాడే ఇనప పెట్టె, దానికో స్పీకరు, తళతళలాడే జాలీ తల ఉన్న మైకు. చపటా పిన్నులకు ఒక తొడుగు తగిలించి గోడకు పెట్టి, ఒక కీర్తన ఎత్తుకుంటే వీధి చివర దాకా వినపడింది. అన్న ముఖం చూడాలి అప్పుడు. పాట ఆగి కాసేపయినా చెవుల మీది కొంగు తీయకుండానే మా అత్తమ్మ నవ్వి, "ఏం మే, మీ అన్న సంబరం సంబరమే గానీ, మీ మామ దాన్ని ఎనక్కీ ముందుకీ తిప్పకుండా వదుల్తాడంటావా? వాళ్ళ తమ్ముడు పెళ్ళిలో పెళ్ళికొడుకు వాచీని గూడా తిప్పి చూసినాడు!" అంది. అన్న నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే నేను అప్పటికే తిప్పి చూశాను. పాట అయ్యాక పెట్టె మీద దుమ్ము తుడుద్దామని తడిగుడ్డ పట్టుకుని, వట్టి కాళ్ళతో సిమెంటు నేల మీద నిలబడి దాన్ని తాకితే, వేళ్ళలో చీమలు పాకినట్టు చిమచిమలాడింది. ప్లగ్గు తీసి వెనక చూశాను. సీఈ అక్షరాలు ఉన్నాయి, కానీ ఇరుకు రైలుపెట్టెలో ఇద్దరు మనుషుల్లా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ‘ఈ’లో మూడు గీతలూ ఒకే పొడవు. ఇంకో సాక్షి ఎవరూ లేరు. ఒంటికి ఇనుము ఉన్న వస్తువుకు మూడో తీగ ఉండాలి, లోపల ఎక్కడైనా తీగ ఊడి పెట్టెకు తగిలితే ఆ కరెంటును అది నేలలోకి పంపేస్తుంది. ఈ పెట్టె తీగలో ఉన్నవి రెండే.

నా నోటుపుస్తకంలో నా చేతులతో నేను గీసిన పాఠం అది. చిన్నపిల్లకు కూడా అర్థమయ్యే తప్పు. అయినా నా మనసు ఎన్ని దారులు వెతికిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గీత పొడవు తేడాకు ఒకరి కృతజ్ఞతను వెనక్కి పంపుతారా? పాట అంత చక్కగా వినపడింది కదా? ఆ వ్యాపారిలాగా అన్న కూడా చిన్నబోయి, పది రోజుల్లో కువైట్ వెళ్ళిపోయి, మళ్ళీ మూడేళ్ళు మందిరం వైపు చూడకపోతే? బోల్తాపడిన బండిలోంచి ప్రభువు బయటికి లాగిన మనిషిని, రెండు ఇంగ్లీషు అక్షరాల కోసం మా మామగారు తోసేశారని మా పుట్టింటి పల్లె అంతా చెప్పుకోదా? వరండాలోంచి మామగారి గొంతు వినపడింది.

"అమ్మా, ఆ పెట్టె చూసినావా? గుర్తు సరిగ్గా ఉండాదా?"

"ఉండాది మామయ్యా."

"మీ అన్న మంచివాడు. మంచిదే తెచ్చుంటాడులే. టెస్టరు పెట్టాలంటే ఈ కన్ను ఒప్పుకోదు, నువ్వు చూసినావు గదా, అది చాలు."

సాయంత్రం దీపాలు పెట్టే వేళ కుటుంబ ప్రార్థనలో మామగారు ఎప్పటికన్నా ఎక్కువసేపు ప్రార్థించారు. అందరి పేర్లూ అయ్యాక, నా కళ్ళకు పొర కమ్మిన ఈ రోజుల్లో నా కోడలిని నాకు కళ్ళుగా ఇచ్చినందుకు నీకు స్తోత్రం ప్రభువా అన్నారు. పక్కనే అన్న గట్టిగా ఆమేన్ అన్నాడు. నా నోట ఆమేన్ రాలేదు.  తలనొప్పి అని చెప్పి పెందలాడే చాప వేసుకున్నాను.

మా సంఘంలో బాప్తిస్మాలు సూర్యోదయానికే జరుగుతాయి. మందిరం ముందు నేలలోకి కట్టిన సిమెంటు తొట్టి, దానిలోకి నాలుగు మెట్లు, ఆ పూట బెంచీలు కూడా తొట్టి ఎదురుగా ఆరుబయటే వేస్తారు. అయ్యగారు ముందు దిగి నిలబడతారు, బాప్తిస్మం తీసుకునేవారు తర్వాత దిగుతారు. మునిగేముందు ఆ నీళ్ళలో నిలబడే, ప్రభువు తమ బతుకులో ఏం చేశాడో ఆ సాక్ష్యం చెప్పాలి, అది మా దగ్గర పద్ధతి. వేరే ఊళ్ళలో గట్టు మీదే చెప్పించి దించుతారని తర్వాత విన్నాను. మాకు మాత్రం నడుములోతు నీళ్ళలో చలికి వణుకుతూ చెప్పిన మాటే సాక్ష్యం. ఆ మర్నాడు, ఆదివారం, ఆరుగురు ఉన్నారు. మొదట అన్న. గట్టు మీద బల్ల వేసి, దాని మీద ఆ నిగనిగలాడే పెట్టె పెట్టారు, తీగ మందిరం కిటికీలోంచి లోపలికి పోయింది. మా ఆయన గట్టు మీద పూలచెట్టు కుండీ పక్కన మైకు పట్టుకుని, కాళ్ళకు చెప్పులతో, పొడినేల మీద నిలబడి ఉన్నారు. అందుకే ఆయనకేమీ తెలియలేదు.

సంఘం కీర్తన పాడుతుండగా అన్న మెట్లు దిగాడు. నీళ్ళు నడుము దాటాయి. అయ్యగారు అన్న భుజం మీద చెయ్యి వేసి, సాక్ష్యం చెప్పమన్నట్టు తల ఊపారు. మా ఆయన వంగి మైకు అందించబోయారు. అన్న తడిచెయ్యి చాచాడు.

"అన్నా, పట్టుకోవద్దు! పట్టుకోవద్దు!"

స్త్రీల వైపు కూర్చున్న నేను ఎప్పుడు లేచానో, ఎవరిని దాటుకుని గట్టు మీదికి వచ్చానో నాకు తెలియదు. కీర్తన ఆగిపోయింది. అన్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అక్కడున్న ముఖాలన్నీ నా వైపు తిరిగాయి. మామగారు ముందు బెంచీలో ఆకుపచ్చ రేకు కట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన వైపే తిరిగి చెప్పాను.

"మామయ్యా, నిన్న నేను అబద్ధం చెప్పినాను. గుర్తు సరిగ్గా లేదు. మూడో తీగ లేదు. తాకితే చెయ్యి చిమచిమలాడింది గూడా. నాకు తెలుసు, తెలిసే ఉండాదన్నాను."

 మామగారు లేచారు. బెంచీల అంచులు తడుముకుంటూ మెల్లగా గట్టు దాకా వచ్చారు. పొడిచెక్క ఒకటి అడిగి కాళ్ళకింద వేసుకుని, జేబులోంచి టెస్టరు తీశారు, ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ టెస్టరు జేబులోనే ఉండేది. దాని మొనను మైకు జాలీ తలకు ఆనించి, ఎడమచేత్తో నీడపట్టి, నన్ను పిలిచారు.

"నాకు కనపడదు. నువ్వు చూసి చెప్పు."

పెట్టెలోని కరెంటు మైకు తీగ వెంట జాలీ దాకా వచ్చేసింది, టెస్టరులో మిణుకుమిణుకుమంటూ ఎర్రటి చుక్క వెలుగుతోంది.

"వెలుగుతా ఉండాది మామయ్యా."

ప్లగ్గు తీయించారు. ఆ తర్వాత ఆయన సంఘం వైపు తిరిగారు. ఏమంటారోనని నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆయన గొంతు పెంచలేదు. "ఈ పెట్టె తన గురించి తాను అబద్ధం చెప్పింది. అది ఎన్నేళ్ళున్నా ఆ మాట ఎనక్కి తీసుకోలేదు. మనిషి తీసుకోగలడు. ఇంతమంది ముందర తీసుకోవాలంటే ఎంత కష్టమో మీకందరికీ తెలుసు. నా తప్పు గూడా ఉండాది, కన్ను బాగలేదని చేత్తో చూడాల్సింది చూడకుండా వదిలేసినాను. ప్రభువు మనందరినీ కాపాడినాడు. ఇంక కీర్తన పాడండి." అంతే. మళ్ళీ ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు.

అన్న ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. ఆ ఎర్రచుక్క వెలిగిన చోటునే చూస్తున్నాడు. ముఖం పాలిపోయింది. ఆ తర్వాత నా వైపు చూసి, ఆ స్థితిలోనూ వాడి పాత కొంటెతనం పోలేదు, "ఏం పాపా, నన్ను ముంచేదానికి అయ్యగారొకరు చాల్లేదా, నువ్వు గూడా పూనుకున్నావా?" అన్నాడు. మొదట అయ్యగారు నవ్వారు. ఆపైన సంఘమంతా నవ్వింది. నేను నవ్వుతూ ఏడుస్తూ గట్టు మీదే కూలబడ్డాను, మా అత్తమ్మ వచ్చి నన్ను తన ఒళ్ళోకి లాక్కుంది.

మైకు లేకుండానే అన్న సాక్ష్యం చెప్పాడు. వాడిది మొదటినుంచీ సన్నటి గొంతు. రెండు మాటలు చెప్పేసరికి వెనక బెంచీలవాళ్ళు వినపడక లేచారు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి తొట్టి చుట్టూ చేరారు, ముసలివాళ్ళు గట్టు మీద కూర్చున్నారు, తల్లులు చంటిబిడ్డలను చంకనేసుకుని మెట్ల దాకా వచ్చారు. మనుషులందరూ ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి, ఊపిరి బిగబట్టి ఎడారిలో బోల్తాపడిన బండి కథ విన్నారు. అన్న నీళ్ళలోంచి లేచినప్పుడు చిందిన చుక్కలు మొదటి వరుసలో అందరి మీదా పడ్డాయి.

 ఆ సాయంత్రం అన్న ఆ పెట్టెను తీసుకెళ్ళి కాలవలో పారేస్తానని లేచాడు. నా సొంత చేతులతో మోసుకొచ్చినానే అని ఒకటే బాధ. మామగారు వాడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తెచ్చిన చెయ్యి మంచిదే, తయారుచేసిన చెయ్యి మంచిది కాదు, అంతమాత్రానికి దీన్ని పారేయడమెందుకు, మారుద్దాం అన్నారు. మర్నాడు దుకాణంలో అన్న చేతనే పెట్టె విప్పించి, లోపల ఒరుసుకుపోయిన తీగను మార్పించి, మూడు తీగల తాడు వేయించి, మూడోది పెట్టెకు బిగింపజేశారు. చివరికి చిన్న కత్తి ఇచ్చి, వెనకనున్న ఆ దొంగ అక్షరాలను గీకి తీసేయమన్నారు. అన్న ఆ పనిని అరగంట పాటు, పళ్ళు బిగబట్టి, ఎంతో శ్రద్ధగా చేశాడు. వాడు విమానం ఎక్కేలోపు వచ్చిన ఆదివారం ఆ మైకులోంచే వాక్యం చదివాడు. ఏ ముద్రా లేని ఆ పెట్టె మా మందిరంలో చాలా ఏళ్ళు సేవ చేసింది, కానీ నీళ్ళ తొట్టి దగ్గరికి మాత్రం దాన్నీ, ఇంకే మైకునూ మామగారు ఎన్నడూ రానివ్వలేదు.

నాకు ఆయన వేసిన శిక్ష ఏమిటో చెబితే మీరు నమ్మరు. ఆ మర్నాడే, అన్న తీగలతో కుస్తీ పడుతుండగా, నన్ను కూడా దుకాణానికి రమ్మన్నారు. ఎవరిదో ఇస్త్రీపెట్టె నా ముందు పెట్టి తిప్పి చూడమన్నారు.  నా మాట మీద మళ్ళీ నమ్మకం ఎలా పెడుతున్నారో అర్థం కాలేదు. అంతా చూసి, ఉండాది మామయ్యా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. ఇక నుంచి ఉండాది, లేదు అనేవి నీ నోట వద్దు, అక్కడ ఏముందో అక్షరం అక్షరం పైకి చదువు, అంకె అంకె చదువు, తీర్పు వినేవాళ్ళకు వదిలెయ్యి అన్నారు. అందులోని కరుణ నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. తప్పు చేసిన మనిషిని ఆ పని నుంచి తీసేయడం తేలిక. ఆయన నన్ను అదే పనిలో, అదే చోట, మళ్ళీ తప్పడానికి వీల్లేని ఒక పద్ధతి చేతికిచ్చి నిలబెట్టారు. రెండో కంటికి ఆపరేషను అయి చూపు తేటపడ్డాక కూడా, వస్తువు తిప్పడం ఆయన పని, చదవడం నా పనిగానే ఉండిపోయింది.

ఇప్పుడు కాలం మారింది. దుకాణం మూసేసి ఎన్నో ఏళ్ళయింది. పాడైన వస్తువును బాగుచేయించుకునేవాళ్ళు తక్కువ, పారేసి కొత్తది తెప్పించుకునేవాళ్ళు ఎక్కువ. నేను కంపాసుతో వారం రోజులు కుస్తీపట్టిన ముద్రలు ఇప్పుడు గోరంత జాగాలో ఇరవై ఇమిడిపోతున్నాయి. అనుమతి నంబరును ఫోనులో కొడితే, అది నిజమో కాదో, ఎవరికి ఇచ్చారో, గడువు ఉందో లేదో రెప్పపాటులో చెప్పేస్తుంది. మొన్న నా మనవరాలు అలా కొట్టి చూపిస్తే, మామగారు ఉంటే ఎంత మురిసిపోయేవారో కదా అనిపించింది. ఆయన కాలంలో లేని మంచి ఇది, కాదనను. కానీ ఫోను ఉన్నవాళ్ళలో వస్తువును తిప్పేవాళ్ళు ఎందరున్నారో నాకు తెలియదు. తిప్పితేనే కదా నంబరు కనపడేది.

అన్న కువైట్ మానుకుని వచ్చి నాయుడుపేటలో ఉంటున్నాడు. చెవులు మందగించాయి, అయినా ఆదివారాలు ఫోను చేసి, మీ మందిరానికి కొత్త సామాను ఏమైనా వచ్చిందా, చదివినావా పాపా, అని అడుగుతాడు. మొన్నటి మైకుల సంగతి కూడా వాడికి ముద్ర ముద్రా చదివి వినిపించాను. తీగలు లేని మైకులవి, బ్యాటరీతో నడుస్తాయి, నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళినా భయం లేదు. నిన్న ఆదివారం తెల్లవారుజామున నలుగురు బాప్తిస్మం తీసుకున్నారు. తొట్టిలో నిలబడి ఒక పడుచుపిల్ల ఆ మైకు పట్టుకుని, వణుకుతున్న గొంతుతో చెప్పిన ప్రతి మాటా చివరి బెంచీ దాకా, గేటు బయట నిలబడినవాళ్ళ దాకా స్పష్టంగా వినపడింది. ఎవరూ తమ చోటు నుంచి లేవలేదు, లేవాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు. నేను ఒక్కదాన్నే, మామగారి టెస్టరు చేతిసంచిలో ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకుని, మోకాళ్ళ నొప్పితోనే లేచి, నడుచుకుంటూ వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ఆ పిల్ల నీళ్ళలోంచి లేచినప్పుడు నాలుగు చుక్కలు నా చీర మీద పడ్డాయి.